కనుబొమలు ఎత్తి అడగండి

క్లాసు మొదలై పది నిమిషాలైనా టీచరుగారు నోరు విప్పలేదు. మేమూ విప్పకూడదట. "ఈ గదిలో గొంతు వాడొద్దు" అని బోర్డు మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశారు. తర్వాత లైటు స్విచ్ రెండుసార్లు ఆర్పి వేశారు. నలుగురి చూపూ తమ వైపు తిప్పుకోవాలంటే బధిరులు చేసే పని అది. మూడు సైగలు నేర్పారు: నేను, మీరు, టీచరు. వాటితో తనని ఒక ప్రశ్న అడగమని నా వైపు చూపించారు.

"మీరు టీచరా?" అని అడగాలి. చేతులు సరిగ్గానే తిప్పాను. ఆయన జవాబివ్వలేదు. ఇంకా ఏదో రావాలన్నట్టు నిలబడి చూస్తున్నారు. రెండోసారి చేశాను. మళ్ళీ అదే చూపు. మూడోసారికి దగ్గరికొచ్చి, తన కనుబొమలను వేలితో తాకి, పైకెత్తి చూపించారు. నేనూ ఎత్తాను. వెంటనే తల ఊపారు. అవును, టీచర్నే. ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పటిదాకా నేను అంటున్నది "మీరు టీచరు" అని. అడగడం కనుబొమల్లో ఉంది. తెలుగులో "టీచరు" చివర ఒక్క దీర్ఘం తగిలిస్తే "టీచరా?" అవుతుంది కదా, ఆ దీర్ఘం చేసే పని అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో, అంటే మేము నేర్చుకుంటున్న సైగల భాషలో, కనుబొమలు చేస్తాయి. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడగాలంటే ఎత్తకూడదు, ముడవాలి. చూసేవాళ్ళకి అది హావభావంలా కనిపిస్తుంది. నిజానికి అది వ్యాకరణం.

ఆ టీచరుగారు పుట్టుకతో బధిరులు. వారంలో రెండు సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో మాలాంటి వాళ్ళకి పాఠాలు చెబుతారు. మిగతా కాలమంతా రంగస్థలం. ఊరూరా తిరిగే నాటక బృందాల్లో చాలా ఏళ్ళు పనిచేశారు. నాటకం ఆయనకి ప్రాణం, పాఠాలు పొట్ట కోసం అని మొదట్లో అనుకున్నాను. మూడేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాక ఆ రెండూ ఒకే పని అని అర్థమైంది. వేదిక మీద ఆయన భాషకి ఎంత శక్తి ఉందో చూపిస్తారు, క్లాసులో దాన్ని మన చేతుల్లో పెడతారు. నటుడిగా ఆయనకున్న పట్టు వల్లే మాకు పాఠం వంటబట్టింది. ఇలాంటి వాళ్ళని అమెరికాలోని మన తెలుగు సంఘాలు పిలవాలి, వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి, చేసిన పనికి డబ్బివ్వాలి. ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బెర్నార్డ్ బ్రాగ్ పేరు మన సంఘాల పత్రికల్లో నేనెప్పుడూ చూడలేదు. అమెరికాలో బధిర నటులు ఎవరి దారిలో నడుస్తున్నారు అంటే ముందు చెప్పాల్సిన పేరు ఆయనది. 1928లో బ్రూక్లిన్‌లో పుట్టారు. అమ్మా నాన్నా ఇద్దరూ బధిరులే. తండ్రి న్యూయార్క్‌లో బధిరులను కూడగట్టి ఔత్సాహిక నాటకాలు ఆడించేవారు. కాబట్టి ఆ పిల్లవాడికి సైగల భాషా నాటకమూ రెండూ ఉగ్గుపాలతోనే వచ్చాయి. ఇంట్లో అందరూ తన భాషలోనే మాట్లాడుకునేవారు. బధిర పిల్లల్లో ఆ అదృష్టం చాలా కొద్దిమందికే దక్కుతుంది.

బడికి వెళ్ళాక వేరే లోకం. అక్కడ ఒక టీచరుకి ఈ పిల్లలు నవ్వే తీరు నచ్చలేదు. వాళ్ళ నవ్వు వినేవాళ్ళకి వింతగా ఉంటుందని, ఎలా నవ్వాలో పాఠం పెట్టి మరీ నేర్పించింది. పిల్లలకి సంతోషం వచ్చినప్పుడు పొంగుకొచ్చే నవ్వుకి కూడా క్లాసు. దశాబ్దాల తర్వాత, 1989లో ఆత్మకథ వచ్చినప్పుడు బ్రాగ్ దానికి పెట్టుకున్న పేరు ఆ పాఠాల పేరే: లెసన్స్ ఇన్ లాఫ్టర్. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. మన ఇళ్ళల్లో "గట్టిగా నవ్వకు, నలుగురూ చూస్తారు" అని ఆడపిల్లల్ని అన్న మాటలు గుర్తొచ్చాయి. ఇది దానికి పదింతలు.

ఆ నవ్వు పాఠం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య గురించి ఒక సభ జరిగింది. పిల్లలకి నోటితో మాట్లాడించడమే మేలని, సైగల భాష పనికిరాదని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో దాదాపు అందరూ చెవులు వినపడేవాళ్ళే. ఆ తర్వాత అమెరికా బడుల్లో కూడా బధిర ఉపాధ్యాయుల సంఖ్య పడిపోయింది. పిల్లలు పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, గొంతు మీద చెయ్యి పెట్టి శబ్దం పలకాలి. సైగ చేస్తే శిక్ష. అయినా భాష చావలేదు. హాస్టళ్ళల్లో, లైట్లు ఆర్పేశాక కిటికీ వెలుగులో, పెద్ద పిల్లల చేతుల నుంచి చిన్న పిల్లల చేతులకి అందుతూ వచ్చింది.

బ్రాగ్ వాషింగ్టన్‌లోని గాలొడెట్ కాలేజీలో చదివారు. బధిరుల కోసం 1864లో లింకన్ సంతకంతో కాలేజీ హోదా వచ్చిన సంస్థ అది. అక్కడ ఫ్రెంచి రచయిత మోలియేర్ నాటకాల్లో ముఖ్య పాత్రలు వేశారు. 1952లో పట్టా పుచ్చుకున్నాక బతుకుతెరువు ఏమిటి? బధిర నటుడికి జీతమిచ్చే నాటక కంపెనీ అప్పుడు దేశంలో ఒక్కటీ లేదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ బధిర పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, పదిహేనేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పారు. పగలు బడి, రాత్రి ప్రదర్శన. 1956లో ఫ్రెంచి మూకాభినయ కళాకారుడు మార్సెల్ మార్సో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు వెళ్ళి కలిశారు. ఈయన ప్రతిభ చూసి మార్సో పారిస్ రమ్మన్నారు. ఆ వేసవిలో వెళ్ళి ఆయన దగ్గర నేర్చుకుని వచ్చి, నైట్ క్లబ్బుల్లోనూ స్థానిక టీవీలోనూ సొంత ప్రదర్శనలు ఇచ్చారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మూకాభినయం వేరు, సైగల భాష వేరు. మన వాళ్ళల్లో చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఇంకొందరు "మన కూచిపూడి ముద్రల్లాంటివే కదా" అంటారు. పతాకం, త్రిపతాకం, అర్ధచంద్రం నేర్చుకున్న పిల్లల చేతులు చురుగ్గా ఉంటాయి, అది నిజమే. కానీ ముద్రలు నాట్యం కోసం కూర్చుకున్న సంకేతాలు. వాటితో ఎవరూ ఇంట్లో పోట్లాడుకోరు, జోకులు వేసుకోరు, బ్యాంకు లోను గురించి మాట్లాడుకోరు. సైగల భాషలో ఇవన్నీ రోజూ జరుగుతాయి. 1960లో విలియం స్టోకీ అనే గాలొడెట్ అధ్యాపకుడు చేతి ఆకారం, అది ఉండే చోటు, దాని కదలిక అంటూ సైగని విడదీసి, దీనికి ఏ భాషకైనా ఉండే నిర్మాణమే ఉందని రాసేదాకా పండితులు దాన్ని భాషగా ఒప్పుకోలేదు. బ్రాగ్ బర్క్‌లీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది దానికి ఎనిమిదేళ్ళ ముందు.

మూకాభినయం నుంచి బ్రాగ్ తెచ్చుకున్నది సైగల భాషలో కలిసి ఒక కొత్త శైలి పుట్టింది. దాన్ని విజువల్ వెర్నాక్యులర్ అంటారు. సినిమా కెమెరా చేసే పనంతా ఒక్క మనిషి ఒంటితో చేస్తాడు. మా టీచరుగారు క్లాసులో ఒకసారి చేసి చూపించారు. ముందు ఆయన గద్ద. మెడ కొద్దిగా ముందుకి సాగింది, భుజాలు విచ్చుకున్నాయి, చూపు చాలా కింద ఒక చుక్క మీద నిలిచింది. ఆ చుక్క ఆయన వేళ్ళ కొస మీద గెంతుతోంది. రెప్పపాటులో ఆయనే కుందేలు. రెండు వేళ్ళు చెవుల్లా నిక్కి, ముక్కు అదిరి, కళ్ళు పైకి తిరిగాయి. ఇప్పుడు చుక్క ఆకాశంలో ఉంది. మళ్ళీ గద్ద. ఈసారి చుక్క అరచేయంత అయింది. మళ్ళీ కుందేలు, నీడ మొహం మీద పడింది. అడుగు కదపలేదు, ఒక్క వస్తువు వాడలేదు. గదిలో పదహారు మందిమి ఊపిరి బిగబట్టి చూశాం. అది అయ్యాక ఆయన అసలు పాఠం మొదలుపెట్టారు: చూపు ఎటు ఉంటే మాట అటు వెళుతుంది. ఒకరిని గాలిలో ఎడమ పక్కన పెట్టి మాట్లాడితే, ఆ మనిషి ఇక కథంతా ఎడమ పక్కనే ఉండాలి. "ఇవ్వడం" అనే సైగ నా నుంచి మీ వైపు కదిలితే "నేను మీకు ఇచ్చాను", మీ నుంచి నా వైపు కదిలితే "మీరు నాకు ఇచ్చారు". మనం "ఇచ్చాను, ఇచ్చావు, ఇచ్చారు" అని క్రియ చివర చెప్పేది వాళ్ళు కదలిక దిశలో చెబుతారు.

ఇదే పాఠం అంతకుముందు పుస్తకంలో రెండు పేజీలు చదివాను, బుర్రకెక్కలేదు. గద్దా కుందేలూ చూశాక మర్చిపోవడం నా వల్ల కాలేదు. నటుడు టీచరైతే జరిగేది ఇదే.

బ్రాగ్ కథకి తిరిగి వస్తాను. 1967లో కనెక్టికట్‌లోని వాటర్‌ఫర్డ్‌లో, యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ నీడన నేషనల్ థియేటర్ ఆఫ్ ది డెఫ్ మొదలైంది. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకి రంగాలంకరణ చేసే డేవిడ్ హేస్ దాన్ని నడిపించారు. బ్రాగ్ బర్క్‌లీ ఉద్యోగం వదిలేసి వ్యవస్థాపక నటుల్లో ఒకరిగా చేరారు. బధిర నటులకి జీతాలిచ్చే వృత్తి నాటక సంస్థ అప్పటికి గాని ఏర్పడలేదు. ఆ ఏడాదే వాళ్ళ గురించి ఎన్‌బీసీ టీవీలో కార్యక్రమం వస్తోందని తెలిసి, నోటిమాట పద్ధతిని సమర్థించే వర్గం ప్రసారం చేయొద్దని అభ్యంతరం చెప్పింది. టీవీలో సైగలు చూస్తే తల్లిదండ్రులు పిల్లలకి మాటలు నేర్పించడం మానేస్తారని వాళ్ళ భయం. ఎన్‌బీసీ వెనక్కి తగ్గలేదు. దేశమంతా చూసింది. ఇళ్ళల్లో కూర్చుని తమ భాషని మొదటిసారి టీవీలో చూసుకున్న బధిరుల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ సంస్థ తెచ్చిన పద్ధతి ఒకటి మనం బాగా గమనించాలి. వేదిక మీద బధిర నటులు సైగల భాషలో నటిస్తారు. పక్కనే, వాళ్ళలో కలిసిపోయి, వినపడే నటులు ఒకరిద్దరు గొంతు ఇస్తారు. హాల్లో కూర్చున్న హియరింగ్ వాళ్ళకి, అంటే చెవులు వినపడేవాళ్ళకి, నాటకం అలా అర్థమవుతుంది. అనువాదం అవసరమైంది ఎవరికి? మనకి. మామూలుగా మూల కూర్చుని, సైగల్లోకి అనువాదం చేసే ఇంటర్‌ప్రెటర్ వైపు మెడ తిప్పి చూసే శ్రమ బధిరులదే. ఇక్కడ ఆ వరస తిరగబడింది. 1977లో ఆ సంస్థకి, బ్రాడ్‌వే నాటకరంగంలో ఇచ్చే టోనీ పురస్కారాల్లో ప్రత్యేక పురస్కారం వచ్చింది.

ఆ నటుల్లోంచి వచ్చినవాళ్ళు ఏమేం చేశారో చూడండి. ఫిలిస్ ఫ్రెలిక్ నార్త్ డకోటా మనిషి, తొమ్మిది మంది పిల్లల్లో పెద్దది. ఇంట్లో అందరూ బధిరులే. రచయిత మార్క్ మెడాఫ్ ఆమె కోసమే చిల్డ్రన్ ఆఫ్ ఎ లెస్సర్ గాడ్ నాటకం రాశారు. 1980లో ఆమెకి ఉత్తమ నటిగా టోనీ వచ్చింది. ఆ నాయిక పాత్ర బధిర నటి మాత్రమే వేయాలని మెడాఫ్ పట్టుబట్టారు. అందువల్లే తర్వాత 1986లో అది సినిమాగా వచ్చినప్పుడు మార్లీ మాట్లిన్‌కి ఆస్కార్ వచ్చింది, అప్పటికి ఆమెకి ఇరవై ఒక్కేళ్ళు. ఒక రచయిత ఒక్క షరతు మీద నిలబడితే ఎంతమందికి దారి ఏర్పడిందో ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు. లిండా బోవ్ సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో లిండాగా, లైబ్రేరియన్‌గా దాదాపు మూడు దశాబ్దాలు కనిపించింది. అమెరికాలో ఒక తరం పిల్లలు మొదటి సైగలు నేర్చుకున్నది ఆమె చేతుల నుంచే. గిల్బర్ట్ ఈస్ట్‌మన్ గాలొడెట్‌లో నాటక శాఖకి పెద్ద. ఇంగ్లీషుని మక్కీకి మక్కీ చేతులతో చూపించే పద్ధతుల్ని పిల్లల మీద రుద్దుతున్న రోజుల్లో, 1973లో సైన్ మి ఆలిస్ అనే నాటకం రాసి, మా భాష మాకుందని చెప్పారు. వీళ్ళల్లో ఎవరిని నటులనాలి, ఎవరిని ఉపాధ్యాయులనాలి? నాకైతే గీత గీయడం చేతకాదు. బ్రాగ్ కూడా 2018లో తొంభయ్యో ఏట పోయేదాకా ఆ రెండు పనుల్లో ఏదీ పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు మన సంగతి.

మా స్నేహితుల పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలోనే వినికిడి పరీక్ష చేశారు. ఈ దేశంలో అది మామూలే. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకరిద్దరికి వినికిడి లోపం బయటపడుతుంది. అలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా చెవులు బాగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. అంటే బ్రాగ్‌లా ఉగ్గుపాలతో భాష అందే పిల్లలు చాలా తక్కువ. మిగతావాళ్ళకి ఎవరైనా తెచ్చి ఇవ్వాలి. మా స్నేహితులకి ఒక థెరపిస్టు చెప్పిన సలహా ఇది: సైగలు నేర్పొద్దు, తెలుగు కూడా మానేయండి, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే వాడండి. వాళ్ళు నమ్మారు. ఆపరేషన్ చేయించి పాపకి వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం పెట్టించారు. అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు ఉంటే ఆమె పాపతో మాట్లాడటానికే జంకేది, ఎక్కడ తెలుగు మాట చెవిన పడి పిల్ల చెడిపోతుందో అని. మూడేళ్ళు నిండాక కూడా ఆ పాపకి నోటితో పాతిక మాటలు లేవు, చేతితో ఒక్కటీ లేదు.

ఇంప్లాంట్ వద్దని నేను అనడం లేదు. ఎంతోమంది పిల్లలకి అది మేలు చేస్తోంది. కానీ చెవి దగ్గర పెట్టుకునే దాని బయటి భాగాన్ని నిద్రపోయేటప్పుడు తీసేస్తారు, చాలామంది స్నానానికీ తీసేస్తారు, బ్యాటరీ అయిపోతుంది, గోలగా ఉన్న హాల్లో మాట తెలియదు. అందరికీ ఒకేలా పనిచేయదు కూడా. ఆ ఖాళీల్లో పిల్లకి ఒక భాష ఉండాలి. సైగల భాష వస్తే నోటి మాట రాదన్నది వట్టి భయం. మన పిల్లలకి తెలుగు నేర్పితే ఇంగ్లీషు రాదని ఒకప్పుడు మనల్నీ భయపెట్టారు. ఆదివారం తెలుగు బడులు పెట్టి ఆ భయాన్ని తప్పని తేల్చింది మనమే. ఈ విషయం వేరే ఎవరికి అర్థం కాకపోయినా మనకి అర్థం కావాలి.

నాలుగో ఏట ఆ ఇంటికి ఒక డెఫ్ మెంటార్ రావడం మొదలుపెట్టింది. కొన్ని రాష్ట్రాల్లో ఆ ఏర్పాటు ఉంది, బధిరులైన పెద్దవాళ్ళే ఇంటికి వచ్చి కుటుంబం మొత్తానికి సైగల భాష నేర్పుతారు. నేను క్లాసులో చేరింది కూడా అప్పుడే, ఆ పాపతో మాట్లాడాలని.

ఆరేళ్ళప్పుడు పాపని మా టీచరుగారి నాటకానికి తీసుకెళ్ళాం. ఆట అయ్యాక ఆయన మేకప్ కూడా తీయకుండా వచ్చి, పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పాప ఆయన చెవుల వైపు చూసింది. ఒకటి, రెండో చెవి, మళ్ళీ మొహం. అప్పుడు అడిగింది, కనుబొమలు బాగా పైకెత్తి: "పెద్దయ్యావు, ఇంకా డెఫ్‌వేనా?" ఆయన అవునన్నారు. "ముసలివాడివి అయ్యాక కూడానా?" అప్పుడు కూడా అన్నారు. వాళ్ళమ్మకి ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మొదట తెలియలేదు. తెలిశాక మొహం పక్కకి తిప్పుకుంది. తనలాంటి మనిషి పెద్దయి, ఉద్యోగం చేస్తూ, నలుగురి చేత చప్పట్లు కొట్టించుకోవడం పాప అంతకుముందు చూడలేదు. ఇంటికొచ్చే మెంటార్ ఒక్కామే తప్ప పాపకి తెలిసిన పెద్దవాళ్ళందరికీ చెవులు వినపడతాయి. పెద్దయితే తనకీ వినపడుతుందని అనుకుంటూ వచ్చింది.

ఆ రోజే ఆయన పాపకి సైగ పేరు పెట్టారు. పాప అసలు పేరు ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు, ఒక్కొక్కటీ వేళ్ళతో చూపేసరికి ఎదుటివాళ్ళ ఓపిక అయిపోయేది. సైగ పేరు ఎవరికి వాళ్ళు పెట్టుకోరు, హియరింగ్ వాళ్ళు పెట్టరు, బధిరులే చూసి ఇస్తారు. పాప మాట మాటకీ జడ వెనక్కి విసురుతుంది. ఆ విసురే ఆమె పేరయింది. ఆ రాత్రి కారులో పాప అది ఎన్నిసార్లు చేసుకుందో లెక్కలేదు.

మన సంఘాల వేడుకల్లో సైగల భాష అసలు లేదనను. రెండేళ్ళ కిందట ఒక కార్యక్రమంలో పిల్లలు పాటకి సైగలు చేశారు. తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఒకే వరసలో నిలబడి, ఎంతో ముచ్చటగా చేశారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మా స్నేహితుల పాప నా ఒళ్ళో కూర్చుని చూసి, "వాళ్ళేం చెబుతున్నారు?" అని అడిగింది. నాకూ తెలియలేదు. ఆ సైగలు ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నవి. ఏ బధిరుడూ ఒక్కసారి చూసి సరిదిద్దలేదు. పిల్లల తప్పు రవ్వంత లేదు, వాళ్ళ మనసు మంచిదే. నేర్పించిన పెద్దలం ఒక ఫోన్ మెసేజ్ పెట్టి ఒక బధిర ఉపాధ్యాయుడిని పిలిచి ఉంటే, ఆ పాట మా పాపకి అంది ఉండేది. కూచిపూడి నేర్పడానికి కూచిపూడి వచ్చిన గురువునే వెతుకుతాం. సైగల భాష దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా పర్వాలేదు అనుకుంటున్నాం.

డబ్బు మాట కూడా తెగేసి చెప్పాలి. అమెరికా కాలేజీల్లో ఇప్పుడు విద్యార్థులు ఎక్కువగా చేరే పరాయి భాషల్లో స్పానిష్, ఫ్రెంచి తర్వాత మూడో స్థానం అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌ది. లక్ష మందికి పైగా చదువుతున్నారు. అంత గిరాకీ ఉన్న భాషకి టీచర్లుగా ఉన్నవాళ్ళంతా ఆ భాష మాతృభాషైన వాళ్ళు కారు. మా టీచరుగారిది ఏ టర్ముకి ఆ టర్ము కాంట్రాక్టు. నాటకాలున్న నెలలో పాఠాలు తగ్గుతాయి, పాఠాలున్న నెలలో నాటకం వదులుకోవాలి. అలాంటి మనిషిని "సేవగా వచ్చి రెండు మాటలు చెప్పండి" అని పిలవడం న్యాయం కాదు. ఇండియా నుంచి వచ్చే గాయకుడికి టికెట్టు, హోటలు, పారితోషికం మాట్లాడుకునే కమిటీయే ఈయన విషయంలో శాలువాతో సరిపెట్టాలని చూసింది. నేను ఆ మీటింగులో ఉన్నాను. గట్టిగానే అడ్డం చెప్పాను.

"మనవాళ్ళకి ఇండియన్ సైన్ లాంగ్వేజ్ నేర్పాలి కదా?" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. రెండూ వేరు వేరు భాషలు. అక్షరాలు చూపడానికి అమెరికాలో ఒక చెయ్యి చాలు, ఇండియాలో రెండు చేతులు వాడతారు. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కోసం 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది, దాని నిఘంటువులో పదివేల మాటలున్నాయి. కానీ ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో చదివే పిల్లకి ముందు కావలసింది ఇక్కడి బధిరుల భాష. తాతగారింటికి వెళ్ళే పిల్లలకి రెండోది తర్వాత కలుస్తుంది. మన పిల్లలు మూడు భాషలు మోయగలరని మనమే కదా చెప్పుకుంటాం.

ఇంకో సంగతి. మన మాటలు. సభల్లో మైకు పట్టుకుని "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. "మూగాచెవిటి" అనే మాట ఇప్పటికీ ఆహ్వానపత్రాల్లో కనిపిస్తోంది. ఈ మాటలు వాళ్ళు వినరు కదా అనుకోవద్దు. వాళ్ళ అమ్మానాన్నలు వింటారు, అక్కచెల్లెళ్ళు వింటారు. ఇప్పుడు చాలా హాళ్ళల్లో స్క్రీన్ మీద క్యాప్షన్లు వస్తున్నాయి, వాళ్ళూ చదువుతారు. బధిరులు అనండి, లేదా వాళ్ళు తమని తాము పిలుచుకునే డెఫ్ అనే మాటే వాడండి.

మా సంఘం ఈ సంవత్సరం పిల్లల నాటకం కోసం మా టీచరుగారిని దర్శకుడిగా పిలిచింది. గాయకుడితో చేసుకున్నట్టే కాంట్రాక్టు రాసుకుని, సగం డబ్బు ముందే ఇచ్చింది. రిహార్సల్‌కి ఒక ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకున్నాం. మొదటి రోజు ఆయన చేసిన పని లైట్లు సరిచేయించడం. మొహాల మీదా చేతుల మీదా నీడ పడకూడదు. రెండోది, గళ్ళ చొక్కాలూ మెరుపుల జరీ వద్దన్నారు, చేతులు స్పష్టంగా కనబడాలంటే వెనకాల ఒకే రంగు ఉండాలట. జరీ వద్దనేసరికి తల్లులు కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత సర్దుకున్నారు. ఇరవై మంది పిల్లల్లో బధిరులు ఇద్దరు. మా పాప, ఇంకో ఊరి నుంచి గంటన్నర కారులో వచ్చే పదేళ్ళ బాబు. మిగతా పద్దెనిమిది మందీ ఇప్పుడు ఒకరినొకరు పిలవాలంటే భుజం మీద తడుతున్నారు, నేల మీద కాలితో కొట్టి ఆ అదురుతో పిలుస్తున్నారు.

పాత్రలు పంచే రోజు ఎవరికేం కావాలో పిల్లల్నే అడిగారు. రాజు, రాణి, దొంగ, పులి అన్నీ క్షణంలో అయిపోయాయి. మా పాప అందరికన్నా చివర చెయ్యెత్తి, మొదట వచ్చి కథంతా చెప్పేది ఎవరు అని అడిగింది. సూత్రధారి అని మా తెలుగు బడి టీచరు చెబితే, ఇంటర్‌ప్రెటర్ ఆ మాటని వేళ్ళతో ఒక్కో అక్షరం చూపించింది. అదే కావాలంది పాప. ఆమె వేదిక మధ్యలో నిలబడి చేతులతో కథ చెబుతుంది. పక్కన నిలబడి తెలుగులో గొంతు ఇచ్చే పని ఎనిమిదేళ్ళ అబ్బాయిది. పాప చేతులు ఆగేదాకా వాడు నోరు విప్పకూడదు. నిన్నటి రిహార్సల్‌లో తొందరపడి రెండుసార్లు ముందే మొదలుపెట్టేశాడు. పాప ఆగి, వాడి వైపు తిరిగి, కనుబొమలు పైకెత్తింది.